అమ్మానాన్నలతో ఆఫ్టర్‌నూన్ టీ: ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

పోయినేడు మా అమ్మానాన్న ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఒక పాత హోటల్లో ఆఫ్టర్‌నూన్ టీకి తీసుకెళ్ళాను. బుక్ చేసేటప్పుడు "వెజిటేరియన్" అని టిక్ పెట్టాను. మూడంతస్తుల వెండి స్టాండు వచ్చింది. కింది పళ్ళెంలో సాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్‌లు (మెత్తటి చిన్న బన్నుల్లాంటివి), పైన బొమ్మల్లాంటి చిన్న కేకులు. అమ్మ చేతిలోకి తీసుకున్న మొదటి సాండ్‌విచ్‌లోనే కోడిగుడ్డు. వాళ్ళని అనడానికేం లేదు, ఈ దేశంలో వెజిటేరియన్ అంటే గుడ్డు కూడా అందులోదే. ఆ పూట అమ్మ కీరా సాండ్‌విచ్ రెండు ముక్కలు తిని, రెండు కప్పుల టీ తాగి లేచింది. నాన్న బిల్లులోని పౌండ్లని మనసులోనే నూరుతో గుణించి రూపాయలు చేసేసి, "ఈ డబ్బుతో మన కాకినాడలో వీధి వీధంతటికీ టిఫిన్లు పెట్టొచ్చు కదే" అన్నారు.

ఆ దెబ్బతో పంతం పట్టి మరి కొన్ని చోట్లకి వెళ్ళాను. కొన్నిసార్లు వాళ్ళతో, కొన్నిసార్లు స్నేహితురాళ్ళతో. నాకు అర్థమైంది ఒక్కటే. టీ, స్కోన్, జామ్ ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. మనం డబ్బు పెట్టేది ఆ గదికి, ఆ గదిలో రెండు గంటలు కూర్చోవడానికి. అందుకని "ఎక్కడ టీ బాగుంటుంది" అని వెతికే బదులు, "నాతో వచ్చేవాళ్ళు ఎలాంటి గదిలో హాయిగా కూర్చోగలరు" అని ఆలోచిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. క్రీమ్ టీ అంటే టీ, స్కోన్, జామ్, క్లాటెడ్ క్రీమ్ (చిక్కటి మీగడ), అంతే. చిన్న ఊళ్ళలో కూడా పది, పదిహేను పౌండ్లలో అయిపోతుంది. ఆఫ్టర్‌నూన్ టీ అంటే నేను పైన చెప్పిన మూడంతస్తుల వ్యవహారం. హై టీ అంటే మాత్రం ఇక్కడ అసలు అర్థం వేరు. పనికెళ్ళి వచ్చిన వాళ్ళు సాయంత్రం ఐదారింటికి మామూలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని టీతో పాటు వేడి వేడిగా తినే పూర్తి భోజనం అది. మన దేశంలో పెద్ద హోటళ్ళు దీన్నే తిప్పి, ఆఫ్టర్‌నూన్ టీని గొప్పగా "హై టీ" అంటాయి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇచ్చేది కూడా ఆ పేరుతోనే. అది చూసి వచ్చినవాళ్ళు ఇక్కడ హై టీ అని ఉంటే కీరా ముక్కల సాండ్‌విచ్ వస్తుందనుకుని ఆర్డర్ చేస్తారు, తీరా పెద్ద పళ్ళెం నిండా భోజనం వస్తుంది.

ఈ అలవాటు మొదలైంది 1840 ప్రాంతంలో అంటారు. బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా గారు విక్టోరియా రాణి దగ్గర ఉండే దొరసాని. ఆ రోజుల్లో పెద్దింటివాళ్ళ మధ్యాహ్న భోజనం చాలా తేలిక, రాత్రి భోజనమేమో ఎనిమిదింటికి గానీ అయ్యేది కాదు. నాలుగింటికల్లా ఆవిడకి నీరసం వచ్చేసేదట. గదిలోకి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టి, తర్వాత స్నేహితురాళ్ళని కూడా పిలిచారు. నాలుగింటికి కడుపులో ఏదో ఒకటి పడాలనిపించడం మనకి కొత్తేం కాదు. మనకైతే పకోడీలు, వాళ్ళకి కీరా సాండ్‌విచ్, తేడా అంతే.

ఎక్కడికి వెళ్ళాలో చూసే ముందు మూడు విషయాలు తేల్చుకోండి. వీటిని వదిలేసి గది అందం చూసి బుక్ చేస్తే మా అమ్మ గతే.

మొదటిది గుడ్డు. గుడ్డు ముట్టనివాళ్ళు ఉంటే "వెజిటేరియన్" అని ఊరుకోవద్దు. సాండ్‌విచ్‌లలో ఎగ్ మెయొనీజ్ చాలాచోట్ల ఉంటుంది, కేకుల్లో గుడ్డు ఉంటుంది, స్కోన్‌ల మీద మెరుపు కోసం చాలాచోట్ల గుడ్డు సొన పూస్తారు. నిశ్చింతగా ఉండాలంటే "వీగన్" మెనూ అడగొచ్చు. కానీ అందులో పాలు కూడా ఉండవు కాబట్టి క్లాటెడ్ క్రీమ్ పోతుంది, దాని బదులు కొబ్బరి క్రీమ్ లాంటిదేదో వస్తుంది. క్లాటెడ్ క్రీమ్ లేని ఆఫ్టర్‌నూన్ టీ నెయ్యి లేని పప్పన్నం లాంటిది. అందుకని నేనిప్పుడు వీగన్ మెనూ బుక్ చేసి, ఫోన్ చేసి "వీళ్ళు పాలు, వెన్న, మీగడ తింటారు, గుడ్డూ జిలాటినూ మాత్రం వద్దు" అని చెప్తున్నాను (జిలాటిన్ అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది). రెండు రోజుల ముందు చెప్తే చాలామంది ఏదో ఒకటి సర్దుతారు. బల్ల దగ్గర కూర్చున్నాక చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు.

రెండోది సుగర్. స్టాండులో మూడింట రెండు వంతులు తీపే. నాన్నకి సుగర్ ఉంది కాబట్టి పై అంతస్తు ఆయనకి కేవలం దర్శనానికే. కొన్ని చోట్ల తీపి తగ్గించి కారం, ఉప్పు వంటకాలతో మెనూ విడిగా పెడతారు, దాని గురించి కింద చెప్తాను.

మూడోది చెప్పులు. నవ్వకండి. మన పెద్దవాళ్ళు ఇంగ్లండ్ వస్తే పట్టుచీర మీద కూడా తెల్లటి స్పోర్ట్స్ షూస్ వేసుకుంటారు, మోకాళ్ళ కోసం. కొన్ని హోటళ్ళలో అవి కుదరవు.

ఇప్పుడు లండన్. పికడిల్లీ రోడ్డు చుట్టుపక్కల, గ్రీన్ పార్క్ స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో, ముఖ్యమైనవి మూడున్నాయి. ధర మూడింట్లోనూ మనిషికి 80 పౌండ్ల అటూ ఇటూ తిరుగుతుంది. పైన సర్వీస్ చార్జీ కలపడం మామూలు.

రిట్జ్ అందరికీ తెలిసిన పేరు. సెజార్ రిట్జ్ 1906లో తెరిచిన హోటల్. టీ ఇచ్చే పామ్ కోర్ట్ అంటే బంగారు పూత, అద్దాలు, పూలు, షాండ్లియర్లు, మెట్లెక్కి లోపలికి వెళ్తుంటే మనమేదో దర్బారులోకి వెళ్తున్నట్టుంటుంది. మగవాళ్ళకి కోటు, టై తప్పనిసరి. జీన్స్, స్పోర్ట్స్ షూస్ వేసుకొస్తే కుదరదు. పొద్దున పదకొండున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా విడతలు విడతలుగా టీ ఇస్తారు. అయినా వారాంతానికి చాలా ముందే నిండిపోతుంది. ఇక్కడ నా మాట సూటిగా చెప్తాను: పెళ్ళిరోజుకో, యాభయ్యో పుట్టినరోజుకో, ఫోటోల మీద ఇష్టమున్న జంటకో రిట్జ్‌కి సాటి లేదు. నాన్నలాంటి వాళ్ళకి మాత్రం టెన్షన్. టై బిగించుకుని, చెంచా చప్పుడైతే ఎవరు చూస్తారో అని రెండు గంటలు కూర్చోవడం ఆయనకి శిక్ష.

ఫార్ట్‌నమ్ అండ్ మేసన్ అదే రోడ్డు మీద ఉన్న దుకాణం, 1707 నాటిది. దాని కథ నాకు భలే ఇష్టం. విలియం ఫార్ట్‌నమ్ అనే అతను ఆన్ రాణి దగ్గర నౌకరు. రాజభవనంలో రోజూ కొత్త కొవ్వొత్తులు వెలిగించాల్సిందే కాబట్టి, సగం కాలిన పాతవాటిని అమ్ముకుని పెట్టుబడి కూడబెట్టాడట. నాలుగో అంతస్తులోని టీ సెలూన్‌ని 2012లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించారు. అంటే దుకాణం పాతదే కానీ గది కొత్తది. పాతకాలపు గది కోసమే వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అయితే కుటుంబంతో వెళ్ళడానికి లండన్‌లో నా ఓటు దీనికే. గది విశాలం, వెలుతురు ఎక్కువ, పియానో వినిపిస్తుంటుంది, లేత నీలిపచ్చ కప్పులు, బట్టల విషయంలో రిట్జ్ అంత పట్టుదల లేదు. పైన చెప్పిన, తీపి తక్కువ ఉండే సేవరీ టీ ఇక్కడ దొరుకుతుంది, సుగర్ ఉన్నవాళ్ళకి అది వరం. వచ్చేటప్పుడు కింది అంతస్తులో టీ పొడి డబ్బా కొనుక్కోవచ్చు. వాళ్ళ రాయల్ బ్లెండ్ 1902లో ఏడో ఎడ్వర్డ్ రాజు కోసం కలిపినది. అస్సాం ఆకు ఉంటుంది కాబట్టి పాలు పోసినా రుచి చావదు, మన పద్ధతిలో మరిగించినా తట్టుకుంటుంది.

మూడోది బ్రౌన్స్ హోటల్, 1837లో మొదలైంది. గ్రాహం బెల్ ఈ దేశంలో మొట్టమొదటి టెలిఫోన్ కాల్ చేసి చూపింది ఇక్కడి నుంచే అంటారు. చెక్క పలకల గోడలు, చలిమంట, మెత్తటి సోఫాలు. చూడటానికి ఆర్భాటం తక్కువ. ఇద్దరు స్నేహితురాళ్ళు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే మూడింటిలో ఇదే మేలు. పిల్లలతో వద్దు.

లండన్ దాటితే ధర 30 నుంచి 50 పౌండ్లకి దిగుతుంది, గదులు మాత్రం ఏం తగ్గవు.

బాత్ ఊరి పంప్ రూమ్ సంగతి చూడండి. లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటన్నరలోపు బాత్. రోమన్లు కట్టిన వేడినీటి గుండాల పక్కనే 1790ల్లో కట్టిన పెద్ద హాలు ఇది. ఎత్తైన కిటికీలు, స్తంభాలు, ముగ్గురు కూర్చుని వాయించే సంగీతం. ఒకప్పుడు జబ్బులు పోతాయని పెద్దమనుషులందరూ ఇక్కడికొచ్చి ఆ ఊటనీళ్ళు తాగేవారు. ఇప్పటికీ హాలులో ఒక పక్కన ఆ నీళ్ళు రుచి చూడొచ్చు. 43 రకాల ఖనిజాలున్నాయంటారు. గోరువెచ్చగా, ఇనుప రుచితో ఉంటాయి. అమ్మ ఒక గుక్క తాగి "కాకరకాయ రసం నయం" అంది. తమాషా ఏమిటంటే ఆ భవనం నుదుటి మీద గ్రీకు అక్షరాల్లో "నీరే అన్నిటికన్నా శ్రేష్ఠం" అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. దాని కింద కూర్చుని మనం టీ తాగుతాం.

పెద్దవాళ్ళకి పంప్ రూమ్ ఎందుకు నచ్చుతుందంటే, టీ ఒక్కటే పని కాదు. ముందు రోమన్ గుండాలు చూస్తారు. 46 డిగ్రీల వేడితో రోజుకి పదకొండు లక్షల లీటర్లకి పైగా నీరు భూమిలోంచి దానంతటదే పొంగుతుందంటే, మా నాన్న అక్కడే అరగంట నిలబడిపోయారు. నడిచి అలిసిపోయాక టీ. అప్పుడు స్కోన్ ధర గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక నా పక్షపాతం బయటపెట్టేస్తాను. మేముండేది ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్. మాకు దగ్గర్లోని బెట్టీస్ కెఫే అంటే సొంతూరి హోటలంత. 1919లో హారోగేట్‌లో దీన్ని పెట్టింది ఇంగ్లీషువాడు కూడా కాదు, ఫ్రెడరిక్ బెల్‌మాంట్ అనే స్విట్జర్లాండ్ మిఠాయి పనివాడు. వెళ్ళాల్సిన చిరునామా పోగొట్టుకుని యార్క్‌షైర్‌లో తేలాడని వాళ్ళే కథగా చెప్పుకుంటారు. బెట్టీ ఎవరో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. 1936లో క్వీన్ మేరీ అనే పెద్ద ఓడ తొలి ప్రయాణంలో ఎక్కిన బెల్‌మాంట్, దాని అలంకరణ చూసి మురిసిపోయి, ఆ ఓడకి పనిచేసిన వాళ్ళనే పిలిపించి యార్క్‌లో కెఫే కట్టించాడు. పెద్ద పెద్ద వంపు తిరిగిన గాజు కిటికీలు, లోపల చెక్కపని, నిజంగానే ఓడలో కూర్చున్నట్టుంటుంది. కింద నేలమాళిగలో ఒక అద్దం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో చుట్టుపక్కల స్థావరాల్లో ఉన్న విమాన సైనికులు, చాలామంది కెనడా కుర్రాళ్ళు, వజ్రపు మొనతో దాని మీద పేర్లు గీసుకున్నారు. వందల పేర్లు. వాళ్ళలో ఎందరు తిరిగొచ్చారో అని అమ్మ ఒక్కో పేరూ వేలితో చూస్తూ కాసేపు మాట్లాడలేదు.

మన ఇళ్ళల్లో చాయ్‌కి వాడే నారింజ రంగు యార్క్‌షైర్ టీ ప్యాకెట్ ఉంది చూశారా, అది కూడా వీళ్ళ కుటుంబానిదే. టేలర్స్ అనే టీ కంపెనీ 1962లో బెట్టీస్‌తో కలిసింది, ఆ ప్యాకెట్ 1977లో వచ్చింది. ఈ ముక్క చెప్పగానే నాన్నకి ఆ చోటు మన చోటైపోయింది.

బెట్టీస్‌లో చిక్కు ఒకటే, క్యూ. కెఫేలోకి చాలావరకు వరుసలో నిలబడే వెళ్ళాలి, శనివారం మధ్యాహ్నమైతే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్తే "లేడీ బెట్టీ" ఆఫ్టర్‌నూన్ టీ ముందే బుక్ చేసుకోండి, ధర కాస్త ఎక్కువైనా పైన విడి గదిలో ప్రశాంతంగా కూర్చోబెడతారు. లేదూ, మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్ళిపోండి. స్పోర్ట్స్ షూస్ చూసి ఎవరూ మొహం చిట్లించరు. పిల్లలుంటే ఫ్యాట్ రాస్కల్ అనే బన్ను ఇప్పించండి. చెర్రీలతో కళ్ళు, బాదం పప్పులతో పళ్ళు పెట్టి నవ్వుతున్న మొహంలా ఉంటుంది.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో అందరికీ కాదు. లండన్ నుంచి రైల్లో నాలుగున్నర గంటలు. కానీ "టీ రూమ్" అనే మాటకి అసలు అర్థం తెలుసుకోవాలంటే అక్కడికే వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మర్యాదస్తులైన ఆడవాళ్ళు తోడు లేకుండా వెళ్ళి కూర్చోడానికి ఊళ్ళో చోటుండేది కాదు, ఉన్నవన్నీ మద్యం అమ్మేవే. మద్యం వద్దన్న ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో కేట్ క్రాన్‌స్టన్ అనే ఆవిడ గ్లాస్గోలో వరుసగా టీ రూములు తెరిచింది. 1903లో సాకీహాల్ వీధిలో తెరిచిన విల్లో టీ రూమ్స్‌కి భవనమంతా చార్ల్స్ రెనీ మెకింతాష్ అనే ఆర్కిటెక్ట్ గీశాడు, ఆయన భార్య మార్గరెట్ మెక్‌డొనాల్డ్ చేయీ అందులో ఉంది. బయటి గోడ దగ్గర్నుంచి కుర్చీలు, చెంచాల దాకా. నిలువెత్తు వీపులున్న ఆ కుర్చీలు, అద్దాలూ ఊదారంగూ కలిసిన సలోన్ డి లక్స్ అనే గది చూస్తే నూట ఇరవై ఏళ్ళ కిందటిదంటే నమ్మబుద్ధి కాదు. పాడైపోయిన దాన్ని బాగుచేసి 2018లో మళ్ళీ తెరిచారు. బొమ్మలు వేసేవాళ్ళు, ఇంటి అలంకరణ పిచ్చి ఉన్నవాళ్ళు, స్కాట్లాండ్ యాత్ర ఎలాగూ పెట్టుకున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. ఆ కుర్చీలు మాత్రం నడుంనొప్పి ఉన్నవాళ్ళ కోసం చేసినవి కావు, ముందే చెప్తున్నాను.

వెళ్ళాక ఏం అడగాలన్నది చిన్న విషయమే. పాలతో తాగేవాళ్ళయితే అస్సాం గానీ, ఇంగ్లీష్ బ్రేక్‌ఫాస్ట్ గానీ. డార్జిలింగ్‌లో పాలు పోస్తే దాని ప్రాణం పోతుంది. లాప్‌సాంగ్ సూషాంగ్ అని పేరు బాగుందని అడగకండి, కట్టెల పొయ్యి పొగ వాసన వస్తుంది. ఎర్ల్ గ్రేలో నిమ్మజాతి పండు వాసన. పాలు చల్లగా చిన్న గిన్నెలో వస్తాయి, టీ కెటిల్లో విడిగా వస్తుంది. మరిగించిన చాయ్ అలవాటున్నవాళ్ళకి మొదటి కప్పు నీళ్ళలా ఉంటుంది, ఐదు నిమిషాలు ఆగి పోసుకుంటే కాస్త చిక్కబడుతుంది. క్లాటెడ్ క్రీమ్ అంటే కంగారేం లేదు, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచిన చిక్కటి మీగడే, పైన తరక కూడా కడుతుంది. డెవన్‌లో ముందు మీగడ, పైన జామ్ రాస్తారు. కార్న్‌వాల్‌లో ముందు జామ్. ఈ రెండు జిల్లాలవాళ్ళూ దీని మీద పులిహోరలో ఇంగువ వెయ్యాలా వద్దా అన్నంత పట్టుదలగా కొట్టుకుంటారు.

ఇంతకీ నన్నడిగితే: ఊరికే ఎలా ఉంటుందో చూద్దామనుకుంటే ముందు దగ్గర్లోని ఏదైనా మంచి టీ రూములో క్రీమ్ టీ తాగి రండి, అది నచ్చకపోతే ఎనభై పౌండ్లు మిగిలినట్టే. పెద్దవాళ్ళు రెండు వారాలకే వచ్చి లండన్ దాటే వీలు లేకపోతే ఫార్ట్‌నమ్. ఒక రోజు ప్రయాణం పెట్టుకోగలిగితే బాత్. ఉత్తరాన బంధువులుంటే యార్క్, సందేహమే వద్దు. మీ ఆయన మీకు బాకీ ఉంటే రిట్జ్.

సాండ్‌విచ్‌లు, టీ చాలాచోట్ల అడిగితే మళ్ళీ తెచ్చిపెడతారు, విడిగా డబ్బు తీసుకోరు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం మానేసి వెళ్ళండి. తినలేక మిగిలిన కేకులని చిన్న అట్టపెట్టెలో పెట్టిస్తారు, మొహమాటపడకుండా అడగండి. మా అమ్మ యార్క్ నుంచి తెచ్చిన పెట్టెలో గుడ్డు లేని కేకులు రెండే ఉన్నా, మర్నాడు పొద్దున నాన్న ఇడ్లీ తింటూ ఆ రెండూ కూడా లాగించేశారు. సుగర్ సంగతి అమ్మ అడిగితే "డబ్బు కట్టాం కదా" అన్నారు.